డోర్నకల్ అజరయ్య బిషప్పుగారు

ధ్యానమునకు: యోహాను సువార్త 17వ అధ్యాయము, 20 మొదలు 23 వరకు



దైవశాస్త్రము అనగానే మన సంఘములలో చాలమంది, అది అయ్యగార్లు సెమినరీలో చదివి, పరీక్ష వ్రాసి, అక్కడనే విడిచివచ్చు పుస్తకముల మాట యని తలంతురు. నాట్లు వేయు చేతికిని, వల లాగు చేతికిని, ఓడరేవులో బరువు మోయు భుజమునకును దానితో నేమి పని యని అడుగుదురు. అడుగుట తప్పు కాదు. అయితే గడచిన శతాబ్దములో ప్రొటెస్టంటు సంఘములను కుదిపిన ప్రశ్నలు ఏవో ఒకసారి చూడుడి. సంఘము ఎవరి సొత్తు? సువార్త బీదవాని అప్పును, ఆకలిని పట్టించుకొనునా, లేక పరలోకమును మాత్రమే చూపునా? కులము ప్రభువు బల్లయొద్దకు రావచ్చునా? ఒకే క్రీస్తును నమ్మినవారు ఇన్ని గుంపులుగా ఎందుకున్నారు? ఈ ప్రశ్నలను జర్మనీ, స్విట్జర్లాండు పండితులు మాత్రమే అడుగలేదు. తెలుగు దేశములో ఒక రైలు జంక్షను ప్రక్కన గుడారములో కాపురముండి, నడివయస్సున తెలుగు నేర్చుకొనిన ఒక తమిళ సహోదరుడును అడిగెను. ఆయనయే డోర్నకల్ మొదటి బిషప్పు, వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. వారి జీవితమును ఈ నెల మీ ముందుంచుచున్నాము.

వారు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి సీమలో వెళ్ళాలన్‌విలై అను గ్రామములో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకంగారు ఆ పల్లె సంఘమునకు గురువు. వారిది నాడార్ కులము. ఆ దినములలో ఆ కులమువారిలో చాలమంది తాటిచెట్లు గీసి బ్రదుకువారు; దేవాలయములలో అడుగుపెట్టుటకు వారికి హక్కు లేదు. తల్లి ఎలెన్ అమ్మగారు చాలకాలము కుమారునికొరకు ప్రార్థించి, హన్నావలె, పుట్టిన బిడ్డకు సమూయేలు పేరు పెట్టెను. తండ్రి త్వరగా చనిపోయెను. బిడ్డను భక్తిలోను క్రమములోను పెంచు భారము తల్లిమీద పడెను. ఆమె మెత్తని మనిషి కాదు. ఆ కఠినమైన క్రమము కుమారునిలో కడవరకు నిలిచెను. బిషప్పు అయిన తరువాత ఆయనతో పనిచేసిన గురువులకు అది బాగుగా తెలిసివచ్చెను.

మిషను పాఠశాలలలో చదువు ముగించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. తరువాత దేశమంతట పేరుపొందిన కె.టి. పాల్‌గారు అక్కడ వారికి స్నేహితులు. చివరి పరీక్షల సమయమున జబ్బుపడుటచేత పట్టము రాలేదు. మరల ఆ పరీక్షకు కూర్చుండనూ లేదు. పట్టము లేని ఆ మనిషిని 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు పిలిచి గౌరవ డాక్టరు పట్టమిచ్చిరి. పరీక్ష తప్పిన పిల్లవానిని ఇంటిలో ప్రతిదినము దెప్పిపొడుచు తలిదండ్రులు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనినయెడల మేలు.

1895లో వారు వై.యం.సి.ఎ. పనిలో ప్రవేశించి, పదునాలుగేండ్లు దక్షిణ దేశమంతట తిరిగిరి. అమెరికానుండి వచ్చిన షెర్‌వుడ్ ఎడ్డీగారు ఆ పనిలో వారికి తోడైరి. తెల్లవాడును నల్లవాడును ఒకే గదిలో పండుకొని, ఒకే పళ్లెరములో తిని, కలిసి ప్రార్థించిన స్నేహమది. ఆ కాలములో అట్టి స్నేహము అరుదు. 1898లో అంబు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. దక్షిణ దేశములో కళాశాల చదువు చదివిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఆమె యొకతె. ఆ వివాహములో కట్నము లేదు. నేటి మన కల్యాణముల సంగతి ఇక్కడ వ్రాయబోము, సంఘపెద్దలకు తెలిసినదే.

1902లో వారు యాళ్పాణమునకు, అనగా సింహళ ద్వీపమునకు ఉత్తరముననున్న జాఫ్నాకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్తికులను దూరప్రాంతములకు పంపుట చూచి వారికి సిగ్గువేసెను. తిరునల్వేలిలో నూరేండ్లకు పైబడిన సంఘమున్నది. గుళ్లున్నవి, బడులున్నవి, చదివినవారున్నారు. అయినను ఆ సంఘము తన సొంత ఖర్చుతో పరాయి భాషవారియొద్దకు ఒక్కనినైనను పంపలేదు. సువార్త పంపుట దొరలపని, పుచ్చుకొనుట మనపని యని అందరును తృప్తిపడియుండిరి. మరుసటి యేడు, 1903 ఫిబ్రవరి 12న, తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సంఘము స్థాపింపబడెను. పనివారు మనవారే, డబ్బు మనదే, పెత్తనమును మనదే యన్నది దాని నియమము. వారు ఎన్నుకొనిన పొలము నిజాము రాజ్యములోని మానుకోట తాలూకా, నేటి మహబూబాబాదు ప్రాంతము. 1904లో మొదటి మిషనెరీ అక్కడకు వెళ్లెను. 1905 క్రిస్మసు దినమున, కలకత్తా దగ్గర శ్రీరాంపురములో, కేరీగారి గ్రంథాలయములో నేషనల్ మిషనరీ సంఘము పుట్టెను. దానికిని అజరయ్యగారు ముందు నిలిచినవారు.

ఇక్కడ ఒక ప్రశ్న వారిని వదలలేదు. వెళ్లుడని ఇతరులకు చెప్పుచు తాను పట్టణములో ఉండుట న్యాయమా? 1909లో వై.యం.సి.ఎ. పదవిని విడిచి, గురుత్వాభిషేకము పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరిరి. కాజీపేటనుండి బెజవాడకు పోవు రైలుమార్గములో, సింగరేణి బొగ్గుగనులకు దారి చీలుచోటనున్న ఊరది. అప్పటికి చుట్టును అడవి. మొదట గుడారములే ఇల్లు. తమిళము నాలుకమీద నున్నవాడు తెలుగు ప్రసంగము చేయుటకు ఎంత పాటుపడెనో భాష నేర్చుకొనినవారికే తెలియును.

మరుసటి యేడు, 1910 జూనులో, స్కాట్లాండు దేశమందలి ఎడింబరో పట్టణములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. సుమారు 1200 మంది ప్రతినిధులు కూడిరి. ఆసియావారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. వారిలో ముప్పదియైదేండ్ల అజరయ్యగారు లేచి, విదేశ పనివారికిని దేశీయ పనివారికిని గల సంబంధమును గూర్చి మాటలాడిరి. మిషనెరీల త్యాగమును వారు తక్కువ చేయలేదు. అయితే ఎన్నియేండ్లు కలిసి పనిచేసినను ఒకరింట ఒకరు భోజనము చేయని స్థితినిగూర్చి, అయ్యవారి బంగళా వరండాలోనే ఆగిపోవు దేశీయ బోధకునిగూర్చి దాపరికము లేక చెప్పిరి. డబ్బిచ్చినవారు, శ్రమపడినవారు, జబ్బుతో ఈ మన్నులోనే ప్రాణము విడిచినవారు సయితము స్నేహమును మాత్రము దాచుకొనిరని వారి మాటల సారము. సభలో కొందరు ముఖము చిట్లించిరి, కొందరు కోపపడిరి. ఆ మహాసభలో చేసిన ప్రసంగములలో నేటికిని జనులు తలంచుకొనునది ఇదియే.

మోమాటము లేకుండ మా అభిప్రాయము చెప్పుదుము. నూతన దైవశాస్త్రమని పండితులు పేరుపెట్టుదానిలో చాలభాగము ఆ దినముననే మొదలాయెను. అంతకుముందు సంఘమనగా ఒక దేశమునుండి మరియొక దేశమునకు పంపబడు వస్తువువలె నుండెను. ఇచ్చువాడొకడు, పుచ్చుకొనువాడొకడు. క్రీస్తు శరీరములో అట్టి భేదము లేదని, కన్ను చేతిని అక్కరలేదని చెప్పకూడదని కొరింథీయులకు పౌలుగారు వ్రాసినదానిని ఒక భారతీయుడు ప్రపంచ సభయెదుట వివరించినట్లాయెను.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ దేవాలయములో వారు బిషప్పుగా అభిషిక్తులైరి. ఇండియాకు మొదటి ఆంగ్లికన్ బిషప్పు 1814లో వచ్చెను. అప్పటినుండి దాదాపు నూరేండ్లు ఈ దేశస్థుడెవడును ఆ పీఠమెక్కలేదు. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్‌గారు పట్టుపట్టి ఈ కార్యము జరిపించిరి. వ్యతిరేకించినవారు విదేశీయులలోను ఉండిరి, మనవారిలోను ఉండిరి. నాడార్‌వానిక్రింద మేము పనిచేయుటా యని గొణిగిన క్రైస్తవులుండిరనుట మనము సిగ్గుతో జ్ఞాపకము చేసికొనవలసినదే.

మొదట ఆ అధ్యక్ష మండలము మిక్కిలి చిన్నది. తరువాత కృష్ణా ప్రాంతపు చర్చి మిషనరీ సొసైటీ సంఘములును అందులో కలిసెను. బిషప్పుగారి కడపటి దినములకు సంఘస్థుల సంఖ్య రెండు లక్షలు దాటెను. వారిలో నూటికి తొంబది పాళ్లు మాలపల్లెలవారు, మాదిగపల్లెలవారు. చదువు లేదు, భూమి లేదు, ఊరిబావిలో నీళ్లు లేవు. ఇట్టివారిని సంఘముగా కట్టుట ఎట్లు? ఆయన చేసిన పని యంతయు ఈ ప్రశ్నకు జవాబే.

పల్లెకొక పంతులుగారిని పెట్టిరి. ఆ పంతులుగారు పెద్ద చదువు చదివినవారు కారు. అదే పల్లె బిడ్డ. పగలు పిల్లలకు బడి, చీకటిపడి కూలిజనము ఇంటికి వచ్చిన తరువాత దీపము వెలిగించి ఆరాధన. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు, యేసుప్రభువు కథలు, కీర్తనలు నోటికి నేర్పిరి. అక్షరము రానివానికి దేవుడు అర్థముకాడని ఆయన ఎన్నడును ఒప్పుకొనలేదు. నమ్మకస్థులైన పంతుళ్లలోనుండి ఎంచి, తర్ఫీదిచ్చి, గురువులుగా అభిషేకించిరి. ఇంగ్లీషు రానివాడు గురువెట్లగునని కొందరు మిషనెరీలు అడిగిరి. గలిలయ జాలరులకు ఏ పట్టమున్నదో వారు చెప్పవలసియుండెను.

బాప్తిస్మము పొందిన ప్రతివానిచేత తన చెయ్యి తన తలమీద పెట్టించి, తాను బాప్తిస్మము పొందిన క్రైస్తవుడనని, సువార్త చెప్పకపోయినయెడల తనకు శ్రమయని పలికించెడివారు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయములో పౌలుగారు తనను గూర్చి చెప్పుకొనిన మాటనే పశువులు కాయువానిచేతను, కూలికిపోవు తల్లిచేతను చెప్పించిరి. ఇందులోని లోతు చూచితిరా? సంఘమునకు సువార్తపని ఒక శాఖ కాదు, సంఘమున్నదే దానికొరకు. ఈ మాటను పాశ్చాత్య దైవశాస్త్రజ్ఞులు ఇరువదవ శతాబ్దపు నడుమ గొప్ప గ్రంథములుగా వ్రాసిరి. డోర్నకల్ పల్లెలలో అది అప్పటికే ముసలమ్మలకు కంఠస్థము.

కానుకల విషయము మరియొకటి. వంటకు బియ్యము కొలుచునప్పుడు ముందుగా ఒక పిడికెడు తీసి వేరుకుండలో వేయుట, అది ఆదివారమున గుడికి తెచ్చుట మన తల్లులకు అలవాటే. కోతపండుగలో ధాన్యము, కోళ్లు, గుమ్మడికాయలు, గ్రుడ్లు పీఠము ముందు పెట్టుటయు ఎరుగుదుము. ఇట్టి అలవాట్లను బిషప్పుగారు ఎంతో శ్రద్ధగా పెంచిరి. క్రైస్తవుడు ఇచ్చుటను గూర్చి ఒక చిన్న పుస్తకమే వ్రాసిరి. అది అనేక భాషలలోనికి మారెను. బీదవాడు ఎప్పుడును చెయ్యిచాచువాడే యని ఊరంతయు అనుకొనుచుండగా, నీవును ఇయ్యగలవాడవని సంఘము చెప్పినప్పుడు వాని నడుము నిటారగును. మాసిదోనియ సంఘములు నిరుపేదలైయుండియు ఇచ్చుటలో ధనవంతులైన సంగతి రెండవ కొరింథీ ఎనిమిదవ అధ్యాయములో చదువుడి. కానుకల పెట్టెను గూర్చి మాటలాడునప్పుడు గుడికి సున్నము వేయుట, మైకు కొనుట మాత్రమే తలంచు మనకు ఇది ఆలోచింపదగినది.

త్రాగుడు, అప్పు, మురికి, రోగము: వీటికి విరోధముగా ఆయన ప్రసంగపీఠమునుండియే మాటలాడిరి. సహకార సంఘములు, వైద్యశాలలు, బడులు నడిపించిరి. స్త్రీల పనిని అంబు అమ్మగారు చూచుకొనిరి. ఆత్మను రక్షించుట వేరు, శరీరమును బాగుచేయుట వేరు అను వాదము ఆయనకు పట్టలేదు. అమెరికాలో సాంఘిక సువార్త అని ఒకప్రక్క, ఆత్మల రక్షణ యని మరియొకప్రక్క పండితులు వాదించుకొనుచుండిరి. మాలపల్లెలో ఆ రెండును ఒకే గుడిసెలో నుండెను.

దీని ఫలితము విచిత్రము. 1920ల తరువాత ఆ ప్రాంతములో పై కులములవారు సయితము వేలమంది బాప్తిస్మమునకు వచ్చిరి. వారిని పిలిచినది గొప్ప పండితుల ప్రసంగము కాదు. నిన్నటివరకు త్రాగి తన్నుకొనిన పల్లె, అప్పు తీర్చి, బట్ట ఉతికికొని, సాయంకాలము పాట పాడుట చూచి, వీరి దేవుడెవడని అడిగిరి. అంటరానివాడని తోసివేసినవానియొద్దనుండి కాపు సువార్త నేర్చుకొనెను.

1930ల నడుమ గాంధీగారికిని క్రైస్తవ నాయకులకును ఈ విషయమై గట్టి వాదము జరిగెను. హరిజనులకు ఒక మతమునకును మరియొక మతమునకును గల తారతమ్యము తెలియదనియు, వారియొద్దకు మతప్రచారమునకు పోరాదనియు గాంధీగారి అభిప్రాయము. అంటరానితనమును తొలగించుటకు ఆయన పడిన పాటును ఎవరును కాదనలేరు. అయితే బీదవానికి తన ఆత్మను గూర్చి నిర్ణయించుకొను తెలివి లేదనుట అజరయ్యగారు అంగీకరింపలేదు. ఆ పల్లెలలో ముప్పదియేండ్లు నడిచినవానికి ఆ తెలివి ఎట్టిదో తెలియును. అదే సమయమున, క్రైస్తవులకు శాసనసభలలో ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చెదమని 1932లో ప్రభుత్వము చెప్పినప్పుడు బిషప్పుగారు వలదనిరి. సంఘము ఒక రాజకీయ కులముగా మారిపోవునని వారి భయము. ఈ రెండును కలిపి చూడవలెను. బాప్తిస్మమిచ్చుట మానలేదు, బాప్తిస్మము పొందినవారి తలలు లెక్కించి రాజ్యములో వాటా అడుగుటయు ఆయనకు సమ్మతము కాలేదు.

ఆయన గెలువలేనిదొకటి యున్నది, దాచిపెట్టము. కులము గుడిలోనికి రాకూడదని జీవితమంతయు పోరాడిరి. అందరికి ఒకే బల్ల, ఒకే పాత్ర. అయినను మాల క్రైస్తవుడు, మాదిగ క్రైస్తవుడు అను మాట పోలేదు. పంతులు ఉద్యోగములలోను, కమిటీలలోను ఆ తగవులు ఆయన కన్నులయెదుటనే జరిగెను. ఆయనను భక్తునిగా చిత్రించువారు ఈ భాగమును త్వరగా దాటిపోవుదురు. దానిని దాటిపోవుటకు నేటి మన సంఘములకు హక్కు లేదు.

ఇక ఐక్యతను గూర్చి. దీనిని అర్థము చేసికొనుటకు తెలుగు దేశపు పటమును జ్ఞాపకము తెచ్చుకొనుడి. మన విశాఖపట్టణమునకు 1805లో లండను మిషనువారు క్రాన్, డిగ్రాంజ్ గార్లు వచ్చిరి. తెలుగువారి మధ్య ప్రొటెస్టంటు పని అక్కడనే ఆరంభమాయెను. తరువాత నెల్లూరికి అమెరికన్ బాప్తిస్టులు, బందరుకు చర్చి మిషనువారు, గుంటూరుకు లూథరన్లు, కాకినాడకు కెనడా బాప్తిస్టులు, మెదకుకు వెస్లియనులు వచ్చిరి. ఒకరి పొలములో ఒకరు విత్తకుండ జిల్లాలు పంచుకొనిరి. తగవులు రాకుండుటకు అది మంచి ఏర్పాటే. అయితే దాని ఫలమేమి? ఒకడు బాప్తిస్టా, లూథరనా, ఆంగ్లికనా యన్నది బైబిలు చదివి నిర్ణయించుకొనినది కాదు. వాని తాత ఏ ఏటికి ఏ ఒడ్డున పుట్టెనో దానినిబట్టి కలిగినది.

తాత ఊరిలో ఉన్నంతకాలము ఇది బాధ పెట్టలేదు. మా మల్కాపురమువంటి చోట బాధ తెలియును. 1933లో విశాఖ ఓడరేవు తెరవబడెను, 1941లో నౌకానిర్మాణ కేంద్రమునకు పునాది వేయబడెను, 1957లో నూనెశుద్ధి కర్మాగారము వచ్చెను. శ్రీకాకుళమునుండి, గోదావరి జిల్లాలనుండి, గుంటూరునుండి పనికొరకు వచ్చినవారు ఒకే వరుస ఇండ్లలో కాపురముండిరి. ఒకే కుళాయియొద్ద బిందెలు పెట్టిన తల్లులు ఆదివారము వచ్చుసరికి నాలుగు దారులు పట్టుదురు. ఒకరింటి చావుకు అందరును ఏడ్తురు, ప్రభువు బల్లయొద్ద మాత్రము ఎవరి బల్ల వారిది. ప్రక్కింటి హిందువు దీనిని చూచి అడుగు ప్రశ్నకు మేము ఎన్నిసార్లు నీళ్లు నమిలితిమో లెక్కలేదు.

ఇదే ప్రశ్న అజరయ్యగారిని ముప్పదియేండ్లు కాల్చెను. 1919 మే 1, 2 తేదీలలో తరంగంబాడిలో, ప్రొటెస్టంటు మిషనెరీలు మొట్టమొదట ఈ దేశమున అడుగుపెట్టిన ఆ సముద్రపు ఒడ్డున, 33 మంది గురువులు కూడిరి. ఇద్దరు తప్ప అందరును ఈ దేశస్థులే. పాశ్చాత్యుల పూర్వకాలపు తగవులు మనమీద వేయబడెను, వాటిని మనము పుట్టించలేదు అనుట వారి వేదన. నాలుగు సంగతులమీద ఐక్యత కట్టవచ్చునని వ్రాసిరి: పరిశుద్ధ గ్రంథము, రెండు ప్రాచీన విశ్వాస ప్రమాణములు, బాప్తిస్మము, ప్రభువు భోజనము అను రెండు సంస్కారములు, ప్రాచీన కాలమునుండి వచ్చిన బిషప్పు పరిచర్య. వాటితోకూడ విశ్వాసులందరును యాజకులే యను సత్యమును గట్టిగా పట్టుకొనిరి.

వ్రాయుట సులభము, కట్టుట కష్టము. మరుసటి యేడు మొదలైన కమిటీ ఇరువదియారేండ్లకు పైగా కూర్చుండెను. బిషప్పు చెయ్యి పెట్టని గురువు ఇచ్చు ప్రభువు భోజనము చెల్లునా? అతనికి మరల అభిషేకము చేయవలెనా? చేసినయెడల అంతకుముందు అతడు ఇచ్చినదంతయు వ్యర్థమా? పల్లెటూరి విశ్వాసికి ఇవి గడ్డిపోచలవలె కనబడును గాని, ఎవరి మనస్సాక్షి వారికి బరువే. కడకు, ఇప్పుడున్న గురువులందరిని అందరును అంగీకరింతురనియు, ఇకముందు అభిషేకము పొందువారికి బిషప్పులు చేతులుంచుదురనియు ఒప్పుకొనిరి. 1927లో లోజాన్ సభలో అజరయ్యగారు, పాశ్చాత్యులకు ఈ విభజన ఒక అసౌకర్యము కావచ్చును గాని మా దేశములో అది పాపమును, అడ్డుబండయునై యున్నదను భావముతో మాటలాడిరి. 1935లో యేవలాలో అంబేద్కరుగారు తాను హిందువుగా చనిపోనని ప్రకటించిన తరువాత, అణగారిన ప్రజల నాయకులు సంఘములవైపు చూచి, ఇప్పుడు ఒక్కటిగానున్న మేము మీలోనికి వచ్చి ఎన్ని ముక్కలు కావలెనని అడిగిరి. దీనికి తనయొద్ద జవాబు లేకపోయెనని బిషప్పుగారు ప్రపంచ సభలయెదుట ఒప్పుకొనిరి.

1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరములో, సుమారు డెబ్బది దేశములనుండి దాదాపు 470 మంది కూడిన మహాసభను గూర్చి కొంచెము చెప్పవలెను. అప్పటికి జాతీయ క్రైస్తవ సమితికి అజరయ్యగారే అధ్యక్షులు. ఆ సభకొరకు హాలెండు దేశస్థుడు క్రేమర్‌గారు ఒక పెద్ద గ్రంథము వ్రాసిరి. దేవుడు క్రీస్తునందు తన్ను తాను బయలుపరచుకొనుట ఒకటి, మనుష్యులు దేవుని వెదకి కట్టుకొనిన మతములు మరియొకటి, ఈ రెంటికిని వంతెన లేదని అందులోని వాదము. ఈ ఆలోచనకు వెనుక స్విట్జర్లాండు దేశపు కార్ల్ బార్త్‌గారు ఉండిరి. ఆయన కూడ మొదట జఫెన్‌విల్ అను మిల్లు కార్మికుల పల్లెలో పదియేండ్లు పాస్టరే. రోమీయులకు వ్రాసిన పత్రికను ఆ పల్లెలో చదివి వ్రాసిన వ్యాఖ్యానము 1919లో వెలువడి ఐరోపా పండితులను నిద్రలేపెను. ఆయనకు జవాబన్నట్లు, మన నెల్లూరివారు, పుదుక్కోట సంస్థానములో న్యాయమూర్తిగా నుండిన పి. చెంచయ్యగారు, స్నేహితులతో కలిసి అదే 1938లో ఒక పుస్తకము తెచ్చిరి. క్రీస్తు నూతన సృష్టియనియు, ఆయన ఆత్మను నేరుగా పొందుటయే ముఖ్యమనియు, పాశ్చాత్యులు తెచ్చిన సంఘపు కట్టడము అంత ముఖ్యము కాదనియు చెంచయ్యగారు వ్రాసిరి.

ముగ్గురు మూడు దారులు. చెంచయ్యగారి మాటలో మంట యున్నది, క్రేమర్‌గారి మాటలో బలమున్నది. కాని కట్టడము అక్కరలేదనుట న్యాయస్థానములో కూర్చున్నవానికి తేలిక. ఊరి బావియొద్దనుండి తరుమబడినవానికి నాది అని చెప్పుకొనుటకు ఒక గుడి, ఒక బల్ల, ఒక సహవాసము కావలెను. ఈ విషయములో మేము డోర్నకల్ ప్రక్కనే నిలుతుము. క్రీస్తు బయలుపాటును, సంఘమును, ఊరిని విడదీయక మూడింటిని పట్టుకొనినవారు అజరయ్యగారే.

డోర్నకల్ దేవాలయమును చూచినవారు దీనిని కన్నులతోనే గ్రహింతురు. పునాదినుండి ముగింపునకు ఇంచుమించు ఇరువదియైదేండ్లు పట్టెను. డబ్బు లేక మధ్య మధ్య పని ఆగెను. 1939 జనవరి 6న, జ్ఞానులు క్రీస్తును చూడవచ్చిన పండుగ దినమున, ప్రతిష్ఠ జరిగెను. మంటపమునకువలె చెక్కిన స్తంభములు, మసీదునకువలె గుమ్మటములు, మినారులు, వాటిపైన సిలువ. ఇంగ్లాండు దేవాలయములను పోలిన మొన గోపురము అక్కడ వెదకినను కనబడదు.

1944 క్రిస్మసు రోజులలో కూడ బిషప్పుగారు పల్లెల పర్యటనలోనే యుండిరి. జ్వరముతో ఇంటికి వచ్చి, 1945 జనవరి 1న డోర్నకల్‌లో ప్రభునందు నిద్రించిరి. వారి దేహము ఆ దేవాలయపు ప్రక్కనే పాతిపెట్టబడెను. రెండేండ్ల తొమ్మిది నెలలకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి దేవాలయములో ఆంగ్లికన్, మెథడిస్టు సంఘములును, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘములు అంతకుముందే కలిసి యేర్పడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘమును ఒక్కటై దక్షిణ ఇండియా సంఘముగా నిలిచెను. బిషప్పులుగల సంఘమును బిషప్పులు లేని సంఘములును ఇట్లు కలియుట ప్రపంచములో అదే మొదలు. ఆయన సొంత మండలములోని నంద్యాల ప్రాంతమువారు మాత్రము ఆ దినమున కలియక, చాల ఏండ్లకు కలిసిరి. లూథరన్లు సిద్ధాంతము మొదట సరిపడవలెననిరి. బాప్తిస్టులు విశ్వసించినవానికే బాప్తిస్మమను మాటను విడువజాలమనిరి. ఇరువురును వెలుపలనే యున్నారు. అయితే 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల ఏర్పడినప్పుడు లూథరన్, బాప్తిస్టు, దక్షిణ ఇండియా సంఘముల యువకులు ఒకే బల్లమీద కూర్చుండి ఒకే గురువులయొద్ద చదువనారంభించిరి. 1970లలో ఆ కళాశాల హైదరాబాదునకు తరలెను. అక్కడ చదివినవారు తిరిగి వచ్చి, ఎవరి సంఘపు బల్లయొద్ద వారు పరిచర్య చేయుచున్నారు.

వచ్చే నెల సంచికలో నెల్లూరు చెంచయ్యగారిని గూర్చి వ్రాయుదుము. మొదటి కొరింథీ పండ్రెండవ అధ్యాయమును ఈలోగా ఇంటివారందరు కలిసి చదువుకొనుడి.